బోర్డు తన వివరం తాను చెప్పదు

2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ ఇంకా థియేటర్లకు రాకముందే దాదాపు గంటన్నర సినిమా బయటికి పొక్కింది. కృష్ణా జిల్లా పెడనలో ఒక సెల్‌ఫోన్ దుకాణం దాకా ఆ కాపీ వెళ్లింది. నిర్మాతలు విడుదల తేదీని ముందుకు లాక్కుని సెప్టెంబరు 27నే సినిమాను వేసేశారు. పోలీసులు తేల్చిన ప్రకారం ఆ లీకు ఏ వైఫై కంతలోంచీ జరగలేదు, చేతులు మారిన డిస్కుల్లో జరిగింది. ఇవాళ ఫిల్మ్ నగర్‌లో జాగ్రత్తగా నడిచే ఎడిటింగ్ గదికి వెళితే ఫోను బయట పెట్టమంటారు. ఎడిటింగ్ మిషన్‌కు నెట్ ఉండదు, యూఎస్‌బీ పోర్టులు మూసేసి ఉంటాయి.

అదే ఆఫీసులో, ఫ్యూజు పెట్టె పక్కన, మేకుకు వేలాడుతూ రెండు కొమ్ముల వైఫై రౌటర్ పెట్టె ఒకటి ఉంటుంది. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు తగిలించి వెళ్లాడు. అకౌంట్స్ సెక్షను, డైరెక్టరు గారి కథా చర్చలు, వచ్చిపోయే వాళ్ల ఫోన్లు అన్నీ దాని గుండానే బయటికి వెళతాయి. దాని లోపల ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది, చివరిసారి ఎప్పుడు మార్చారు, ఇంకెన్నాళ్లు మారుస్తారు అని అడిగితే ఆ ఆఫీసులోనే కాదు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి దైవసన్నిధానం గుడి దాకా ఎవరూ చెప్పలేరు.

ఇది ఉబుసుపోక వేసే ప్రశ్న కాదు. 2018 మేలో ‘వీపీఎన్ ఫిల్టర్’ అనే చొరబాటు ప్రోగ్రాం సంగతి బయటపడింది. సిస్కో వాళ్ల భద్రతా పరిశోధకుల లెక్కలో కనీసం 54 దేశాల్లో 5 లక్షల పెట్టెలు దాని చేతికి చిక్కాయి. చాలావరకు ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో ఉండే రౌటర్లే. కంపెనీ ఒక మోడల్‌ను అమ్మినంతకాలం, మహా అయితే ఆ తర్వాత మరికొంతకాలం, దాని సాఫ్ట్‌వేర్‌లో కంతలు పూడుస్తుంది. ఆ పైన కొత్త మోడల్ కొనుక్కోమంటుంది. పెట్టె మాత్రం శుభ్రంగా పనిచేస్తూనే ఉంటుంది.

ఈ చిక్కుకు ఇరవై ఏళ్ల కిందటే ఒక దారి దొరికింది, అదీ అనుకోకుండా. లింక్‌సిస్ అనే కంపెనీ 2002 చివర్లో డబ్ల్యూఆర్‌టీ54జీ అనే నీలం, నలుపు రంగుల రౌటర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 2003లో ఆ కంపెనీని సిస్కో 50 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది జూన్‌లో ఆండ్రూ మిక్లాస్ అనే ప్రోగ్రామరు ఆ రౌటర్ లోపల నడుస్తున్నది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ అని రుజువులతో సహా బయటపెట్టాడు. లినక్స్ లైసెన్సు షరతు ఇది: వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కానీ అమ్మితే సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. ఒత్తిడి పెరిగాక కంపెనీ కోడ్ విడుదల చేసింది. ఆ కోడ్ పునాది మీద 2004 జనవరిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మొదలైంది. ఆ రౌటర్ మోడల్ పేరు ఇప్పటికీ దాని పేరులోనే ఉంది. ఈరోజు అది వందలాది మోడళ్ల మీద నడుస్తుంది. కంపెనీ వదిలేసిన పెట్టెకు ఏళ్ల తరబడి కొత్త సాఫ్ట్‌వేర్ అందిస్తుంది.

వందలాది మోడళ్లంటే అన్ని మోడళ్లూ అని కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లి చేతికందిన రౌటర్ కొనుక్కొస్తే, దానికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ దొరుకుతుందన్న హామీ లేదు. లోపలి చిప్ అందరూ ఎరిగినదే, ఆ చిప్‌ను నడిపే కోడ్ అంతా లినక్స్‌లో ఎప్పటి నుంచో ఉన్నదే. అయినా ఆ బోర్డు మీద లినక్స్ లేవదు. ఎందుకు?

మీ బల్ల మీది కంప్యూటర్‌తో పోల్చి చూడండి. అందులో ఏ బ్రాండ్ గ్రాఫిక్స్ కార్డు పెట్టినా లినక్స్ గుర్తుపడుతుంది. కారణం, ఆ కార్డుకు తన గురించి తాను చెప్పుకునే అలవాటు ఉంది. పీసీఐ అనే పద్ధతిలో ప్రతి కార్డులోనూ తయారీదారు సంఖ్య, వస్తువు సంఖ్య రాసి ఉంటాయి. ఇంటెల్ వాళ్ల సంఖ్య 8086, తమ పాత ప్రాసెసర్ మీది మమకారంతో తీసుకున్నది. లినక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ ఒక్కొక్క తలుపూ తట్టి ‘ఎవరు?’ అంటుంది, లోపలి వాళ్లు పేరు చెబుతారు. రౌటర్ బోర్డులో ఈ మర్యాద లేదు. ప్రాసెసర్, వైఫై రేడియో, ఈథర్నెట్ స్విచ్ అన్నీ ఒకే చిప్‌లో ఇరికించి, దాని కాళ్లను రాగి గీతలతో దీపాలకూ బటన్లకూ కలిపేస్తారు. పదకొండో కాలికి రీసెట్ బటన్ తగిలించారో, ముప్ఫై ఎనిమిదో కాలికి తగిలించారో చిప్‌కు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ఆ సంగతి డిజైన్ చేసిన ఇంజనీరుకూ ఆయన గీసిన కాగితానికీ మాత్రమే తెలుసు. ఆ కాగితం మన చేతికి రాదు.

కాబట్టి ఎవరో ఒకరు ఆ బోర్డును విప్పి, తడిమి, కొలిచి, దాని వివరం రాసిపెట్టాలి. ఆ రాసిన దాన్నే డివైస్ ట్రీ అంటారు. ఇది ప్రోగ్రాం కాదు, ‘ఇది చెయ్యి, అది చెయ్యి’ అన్న మాట అందులో ఒక్కటీ ఉండదు. ‘ఫలానా చోట ఫలానాది ఉంది’ అన్న వాక్యాలే ఉంటాయి. ఫిల్మ్ నగర్ మాటల్లో చెప్పాలంటే కెర్నెల్ చెయ్యి తిరిగిన నటుడు, డివైస్ ట్రీ సీన్ పేపరు. నటనంతా ఆయనకు వచ్చు. తలుపు ఎడమవైపా కుడివైపా, కుర్చీ ఎక్కడ, ఎదుట నిలబడేది ఎవరు అన్నది మాత్రం సెట్టు మారినప్పుడల్లా ఎవరో చెప్పాలి.

ఈ పద్ధతి సన్ మైక్రోసిస్టమ్స్ యంత్రాల్లో పుట్టి, 1994లో ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే ప్రమాణంగా స్థిరపడింది. లినక్స్‌లో ముందు పవర్‌పీసీ వాళ్లు అందిపుచ్చుకున్నారు. సెల్‌ఫోన్లలో వాడే ఆర్మ్ చిప్‌ల వాళ్లు మాత్రం చాలాకాలం బోర్డుకొక సీ ఫైలు చొప్పున రాసుకుంటూ పోయారు. 2011లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఆ గుట్టను చూసి బాహాటంగా చిరాకుపడ్డాక ఆర్మ్ లోకం కూడా డివైస్ ట్రీ బాట పట్టింది. వందమంది వంద రకాలుగా రాసిన కోడ్ కన్నా ఒకే తీరులో రాసిన వంద వివరాల పట్టికలు చదవడం తేలిక. ఇంతకన్నా గొప్ప సిద్ధాంతమేమీ ఇందులో లేదు.

సరే, బోర్డు విప్పుదాం. మన ముందున్నది మీడియాటెక్ కంపెనీ ఎంటీ7628 చిప్ మీద కట్టిన చవక రౌటర్ అనుకోండి. 580 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై, అయిదు ఈథర్నెట్ పోర్టులు అన్నీ ఆ ఒక్క చిప్‌లోనే ఉంటాయి. అడుగున రబ్బరు కాళ్ల కిందో, స్టిక్కరు కిందో దాక్కున్న స్క్రూలు తీసి, పాత ఏటీఎం కార్డుతో అంచు వెంట నొక్కుతూ పోతే పైమూత ఊడుతుంది. బోర్డు మీద ఒక మూలన వరసగా నాలుగు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. వాటికి ఏమీ తగిలించి ఉండదు, ఒక్కోసారి సీసంతో పూడ్చేసి కూడా ఉంటాయి. ఫ్యాక్టరీలో బోర్డును పరీక్షించడానికి వాడుకున్న సీరియల్ పోర్టు అది. మనకు దొరికిన మొదటి కిటికీ అదే.

ఆ నాలుగింటిలో ఏది ఏదో తేల్చడానికి మల్టీమీటర్ చాలు. కరెంటు ఆపి, మీటరును బీప్ మీద పెట్టి, ఒక ముల్లు చిప్ మీది రేకు మూతకు, రెండోది ఒక్కో రంధ్రానికి తాకించాలి. కూత వినిపించింది గ్రౌండ్. ఇప్పుడు కరెంటు వేసి వోల్టేజి చూడాలి. కదలకుండా 3.3 వోల్టుల దగ్గర నిలబడేది సరఫరా కాలు, దాని జోలికి పోకూడదు. ఆన్ చేసిన మొదటి కొన్ని సెకన్లు పైకీ కిందికీ ఊగిసలాడేది బోర్డు మాట్లాడే కాలు. మిగిలింది మన మాట వినే కాలు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే యూఎస్‌బీ సీరియల్ ముక్కను మూడు వైర్లతో వీటికి కలిపి, ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి, రౌటర్ ఆన్ చేస్తే బోర్డు తన ఆత్మకథ మొదలుపెడుతుంది.

మొదట కనిపించేది చెత్త అక్షరాలైతే కంగారు పడనక్కర్లేదు, వేగం కుదరలేదని అర్థం. సాధారణంగా ఈ లైను సెకనుకు 1,15,200 బిట్లతో నడుస్తుంది. ఒక్కో బిట్టు 8.7 మైక్రోసెకన్లు. బోర్డుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య గడియారం తీగ లేదు కాబట్టి ఇద్దరూ ముందే ఒకే వేగానికి ఒప్పుకుని ఉండాలి. మీడియాటెక్ బోర్డులు కొన్ని ఇందులో సగం వేగానికి, అంటే 57,600కు ఉంటాయి. అది మార్చగానే అక్షరాలు కుదురుకుంటాయి.

ఆ పైన తెర మీద పరిగెత్తే వందల లైన్లలో మనకు కావలసిన సమాచారం సగం ఉంటుంది. ముందుగా యూ-బూట్ పలకరిస్తుంది. జర్మన్ ఇంజనీరు వోల్ఫ్‌గాంగ్ డెంక్ మొదలుపెట్టిన ఈ బూట్‌లోడర్ ప్రపంచంలో లెక్కలేనన్ని చిన్న పెట్టెల్ని రోజూ నిద్రలేపుతుంది. దాని వెనకే మెమరీ 64 మెగాబైట్లు అన్న లైను, ఫ్లాష్ చిప్ సంఖ్య వస్తాయి. బోర్డు మీద ఎవరూ పేరు చెప్పుకోరు అన్నాను కదా, ఫ్లాష్ చిప్ దానికి మినహాయింపు. విన్‌బాండ్ వాళ్ల డబ్ల్యూ25క్యూ64 చిప్‌ను అడిగితే ‘ఈఎఫ్ 40 17’ అని మూడు బైట్లలో జవాబిస్తుంది. ఈఎఫ్ అంటే విన్‌బాండ్. చివరి 17ను పదహారు ఆధారపు లెక్కలో చదివితే 23. రెండును ఇరవైమూడుసార్లు హెచ్చిస్తే 83,88,608 బైట్లు, అంటే 8 మెగాబైట్లు. చిప్ పేరులో ఉన్న 64 మెగాబిట్లు, మెగాబైట్లు కావు. అమ్మేవాళ్లు కూడా ఇక్కడ తరచూ పొరబడతారు.

తన పరిమాణం చెప్పిన చిప్, తనలో ఏది ఎక్కడుందో మాత్రం చెప్పదు. ఆ పంపకం పాత సాఫ్ట్‌వేర్ లాగ్‌లో దొరుకుతుంది. ఎంటీ7628 బోర్డుల్లో తరచూ కనిపించే అమరిక ఇది: మొదటి 192 కిలోబైట్లు బూట్‌లోడర్, తర్వాత 64 దాని సెట్టింగులు, మరో 64 ‘ఫ్యాక్టరీ’ అనే భాగం, మిగిలిన 7,872 కిలోబైట్లు అసలు సాఫ్ట్‌వేర్.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఆ ఫ్యాక్టరీ భాగం. వైఫై రేడియోలు అచ్చు గుద్దినట్టు ఒక్కలా పుట్టవు. ఒకదాని స్ఫటికం కాస్త వేగంగా కొట్టుకుంటుంది, ఇంకొకదాని పవర్ కొంచెం తగ్గుతుంది. అందుకే ఫ్యాక్టరీలో ప్రతి పెట్టెనూ విడివిడిగా కొలిచి, దాని దిద్దుబాట్లను అక్కడ రాసిపెడతారు. వైఫై కార్డు చిరునామా కూడా ఆ భాగంలోనే, నాలుగో బైటు నుంచి ఉంటుంది. ఆ దిద్దుబాట్ల తాలూకు అంకెలు మళ్లీ ఎక్కడా దొరకవు. పక్కింటి రౌటర్ అదే మోడల్ అయినా దాని అంకెలు దీనికి నప్పవు. చెరిగిపోతే రౌటర్ ఆన్ అవుతుంది, దీపాలు వెలుగుతాయి, వైఫై మాత్రం పక్కగదికి కూడా సరిగా అందదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే ముందు ఫ్లాష్ మొత్తాన్ని కాపీ తీసి దాచుకోవాలని అనుభవజ్ఞులు పదే పదే పోరు పెట్టేది ఇందుకే. డివైస్ ట్రీలో ఈ భాగాన్ని ‘చదవడానికి మాత్రమే’ అని గుర్తుపెట్టి, రేడియో తన అంకెల్ని అక్కడి నుంచి తీసుకోవాలని ఒక లైను రాస్తారు.

మొదటి ప్రయోగం ఫ్లాష్ మీద చేయరు. కొత్తగా కట్టిన లినక్స్‌ను ల్యాప్‌టాప్ నుంచి నెట్‌వర్క్ కేబుల్ మీదుగా నేరుగా రౌటర్ మెమరీలోకి పంపమని యూ-బూట్‌ను అడుగుతారు. పనిచేస్తే సంతోషం, లేకపోతే ప్లగ్గు పీకి పెడితే పాత సాఫ్ట్‌వేర్ ఏమీ ఎరగనట్టు లేస్తుంది. ఇలా ఎన్నిసార్లయినా చేయవచ్చు.

ఆ తర్వాతిదంతా ఓపిక పని. దీపాలు ఏ కాళ్ల మీద ఉన్నాయో తెలియదు కాబట్టి ఒక్కొక్క కాలినీ ఆన్, ఆఫ్ చేస్తూ ముందు పలక వైపు చూస్తూ కూర్చోవాలి. కొన్ని దీపాలు సున్నా పంపితే వెలుగుతాయి, ఒకటి పంపితే ఆరిపోతాయి. అది కూడా రాయాలి. బటన్‌ను నొక్కి పట్టుకుని ఏ కాలి విలువ మారిందో వెతకాలి. ఈథర్నెట్ పోర్టుల దగ్గర ఇంకో తమాషా. పెట్టె మీద ‘లాన్ 1’ అని అచ్చువేసిన సాకెట్ చిప్ లెక్కలో మూడోదో నాలుగోదో అవుతుంది. బోర్డు మీద తీగలు అడ్డం రాకుండా గీసుకోవడానికి డిజైనర్ వరస తిప్పేస్తాడు. వినడానికి చిన్న విషయమే. కానీ బయటి లైను తగిలించే సాకెట్‌ను తప్పుగా లోపలి వైపు చేర్చితే ఆఫీసు నెట్‌వర్క్ తలుపు వీధిలోకి తెరుచుకున్నట్టే. అకౌంట్స్ వాళ్లను, అతిథుల ఫోన్లను, ఎడిటర్ల ప్రింటర్‌ను వేరు వేరు దారుల్లో నడపాలనుకునే స్టూడియోకు ఈ ఒక్క లైను సరిగ్గా ఉండటమే ముఖ్యం.

ఇంత చేసినా ఈ పెట్టెతో సినిమా ఫుటేజి పంపుదామనుకుంటే కుదరదు. డిజిటల్ సినిమా ప్రమాణాల్లో థియేటర్ కాపీకి గరిష్ఠ వేగం సెకనుకు 250 మెగాబిట్లు. ఆ లెక్కన రెండున్నర గంటల తెలుగు సినిమా 280 గిగాబైట్ల దాకా పోవచ్చు. ఎంటీ7628 పోర్టులు సెకనుకు 100 మెగాబిట్లవి. ఏ ఆటంకం లేకపోయినా ఒక్క కాపీకి ఆరుంబావు గంటలు పడుతుంది. డివైస్ ట్రీ ఎంత చక్కగా రాసినా రాగి తీగ వేగం పెరగదు.

వైఫై దగ్గర ఇంకో పరిమితి ఉంది, అది చట్టం పెట్టింది. రేడియో తరంగాలు ప్రజల ఆస్తి, వాటి అజమాయిషీ ప్రభుత్వానిది. మన దేశంలో 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు అక్కర్లేకుండా వదిలారు. ఏ దేశంలో ఏ చానల్ మీద ఎంత పవర్ వాడవచ్చో లినక్స్‌లో ఒక పట్టిక ఉంటుంది, దాన్ని పాటించాలి. ఈ విషయంలో అమెరికాలో ఒక గొడవ జరిగింది. అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ రేడియో పవర్‌ను వినియోగదారులు మార్చకుండా చూడమంటే, రౌటర్ కంపెనీలకు తోచిన తేలిక మార్గం బయటి సాఫ్ట్‌వేర్‌ను మొత్తంగా అడ్డుకోవడం. 2016 ఆగస్టులో టీపీ-లింక్ మీద ఎఫ్‌సీసీ రెండు లక్షల డాలర్ల జరిమానా వేస్తూనే, ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్‌కు చోటిచ్చే మార్గం వెతకాలని కూడా ఒప్పించింది. నాకు ఆ రెండో షరతు జరిమానా కన్నా విలువైనదిగా కనిపిస్తుంది. జూబ్లీహిల్స్ రాతిగుట్టల మీద మెట్లు మెట్లుగా కట్టిన ఇళ్లలో సిగ్నల్ కింది అంతస్తుకు అందడం లేదని పవర్ పెంచాలని చూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. రౌటర్ గొంతు పెంచినంత మాత్రాన ఫోను గొంతు పెరగదు, ఫోను చెప్పేది రౌటర్‌కు వినబడాలి కదా. అలాంటి ఇంటికి కేబుల్ లాగి రెండో రౌటర్ పెట్టడమే దారి.

బోర్డు అన్ని విధాలా నడిచాక, రాసినదాన్ని ప్రాజెక్టుకు పంపాలి. డివైస్ ట్రీ ఫైలు ఒకటి, సాఫ్ట్‌వేర్ కట్టే జాబితాలో పది పదిహేను లైన్లు, పోర్టుల వరస చెప్పే చోట ఒకటి రెండు లైన్లు. పరిమాణంలో ఇంతే. దానితోపాటు ఆ బోర్డు మీద ఏముందో, ఎలా ఎక్కించాలో, పాత సాఫ్ట్‌వేర్‌కు ఎలా తిరిగి వెళ్లాలో ఒక వివరణ. అడుగున పేరుతో సంతకం కూడా ఉండాలి. ఈ కోడ్ ఇవ్వడానికి నాకు హక్కుంది అని పూచీ పడటం దాని అర్థం. లినక్స్‌లో తమ కోడ్ ఉందంటూ ఎస్‌సీఓ కంపెనీ వేసిన దావాల తర్వాత 2004లో లినక్స్ వాళ్లు పెట్టుకున్న నియమం ఇది. పరిశీలించేవాళ్లు దాక్షిణ్యం చూపరు. దీపం పేరు పద్ధతిలో లేదంటారు, ఖాళీలకు బదులు ట్యాబ్ పెట్టమంటారు, ఈ చిరునామా నిజంగా స్టిక్కరు మీద ఉన్నదేనా అని నిలదీస్తారు. కొత్తవాళ్లకు ఇది చాదస్తంగా తోస్తుంది. ఆ బోర్డును ఎన్నడూ చూడని మనిషి ఆ ఫైలును చదివి నమ్మాలి కాబట్టి ఆ చాదస్తం నాకు న్యాయంగానే కనిపిస్తుంది.

మన ఊళ్లో ఈ తరహా పనికి మనుషులు లేరా అంటే, ఉన్నారు. స్వేచ్ఛ అనే హైదరాబాద్ సంస్థ తెలుగులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎబెన్ మొగ్లెన్ 2010లో ప్రతిపాదించిన ఫ్రీడంబాక్స్, అంటే ఇంటి మూలన పెట్టుకునే సొంత సర్వర్, దాని రూపకల్పనలో హైదరాబాద్ వాళ్ల చెయ్యి ఉంది. రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్‌లో నమూనా వస్తువులు తయారుచేసే యంత్రాలు ఉన్నాయి. ఫిల్మ్ నగర్ నుంచి అక్కడికి ఎంతో దూరం లేదు. ఇక మల్టీమీటర్ పట్టుకోవడం తెలిసినవాళ్లు షూటింగుల్లో లైట్లు, సౌండ్ చూసే యూనిట్లలోనే బోలెడంతమంది.

2024 నవంబరులో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్లు తమ సొంత బోర్డు తెచ్చారు. పేరు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్. అందులో రెండు ఫ్లాష్ చిప్‌లు ఉంటాయి. ఒకదాంట్లోది పాడైనా రెండోదాని మీద లేపుకోవచ్చు. దానికి ఈ తంటాలేవీ లేవు, వివరం రాసినవాళ్లే బోర్డూ చేయించారు. మన దగ్గర చవకగా దొరికే పాత పెట్టెలకు మాత్రం ఆ తంటా తప్పదు.

పడ్డ తంటా ఒక్కసారితో తీరిపోతుందా అంటే అదీ చెప్పలేం. ఏథరోస్ చిప్‌ల రౌటర్లకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఏళ్ల తరబడి బోర్డుకొక సీ ఫైలు ఉండేది. 2018లో వాటి స్థానంలో డివైస్ ట్రీ పద్ధతిని తెచ్చారు. 2020 జనవరిలో వచ్చిన 19.07 విడుదలలో పాతదీ కొత్తదీ రెండూ నడిచాయి, ఆ తర్వాత పాతదాన్ని తీసేశారు. ఏ బోర్డుకైతే ఎవరో ఒకరు దాన్ని ఇంకా దగ్గర పెట్టుకుని, మళ్లీ విప్పి, కొత్త పద్ధతిలో వివరం రాసి, పరీక్షించారో అది ముందుకు వచ్చింది. 4 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల మెమరీ ఉన్న చిన్న పెట్టెలకైతే కెర్నెల్ పెరిగిపోయి చోటే చాల్లేదు. రాసేవాళ్లు దొరకని మిగతా బోర్డులు 19.07 దగ్గరే ఆగిపోయాయి.